వరండా దీపం

అక్క: నమస్కారం. సముద్రపు తాబేళ్ళ గుడ్లను గూటి నుంచి హేచరీకి, అంటే అవి పొదిగేదాకా కాపాడే కంచె చోటుకు, ఎలా తరలిస్తారన్నది నేటి విషయం. తమ్ముడు దీపాల పురాణం విప్పకముందే చెప్పేస్తాను.

తమ్ముడు: నేనింకా నోరే తెరవలేదక్కా.

అక్క: ఏలూరు పెళ్ళిలోనూ అలాగే అన్నావు. సరే, ఆలివ్ రిడ్లీ తాబేలు రాత్రివేళ ఒడ్డుకు వచ్చి, వెనక కాళ్ళతో మూరెడు లోతున కుండలాంటి గుంట తవ్వి, వంద దాకా గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, దిమ్మిసతో కొట్టినట్లు పొట్టతో అదిమి వెళ్ళిపోతుంది. కుక్కలు తవ్వకముందే, పెట్టిన కొద్ది గంటల్లోనే, వాటిని దొర్లనివ్వకుండా తీసి కంచె లోపల అదే లోతున పాతాలి. ఆలస్యమైతే కుదుపుకు లోపలి పిండం చచ్చిపోవచ్చు. 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు పైకి వస్తాయి.

తమ్ముడు: వచ్చి ఎటు వెళ్తాయి?

అక్క: మొదలుపెట్టావూ!

తమ్ముడు: చీకటి తీరంలో సముద్రం వైపే వెలుతురు ఎక్కువ కనుక అవి అటు నడుస్తాయి. బాపట్ల తీరాన మనం దిగిన లాడ్జీలో, పేరు చెప్పను, వరండాలో రాత్రంతా తెల్ల దీపం వెలుగుతుంటే ఒక పిల్ల మీ కుర్చీ కాలి దాకా పాకి వచ్చింది. కంచె వేయించినవారు ఆ స్విచ్చి ఒక్కటీ నొక్కలేకపోయారు.

అక్క: మెట్ల మీద పెద్దవాళ్ళు పడితే ఎవరు జవాబు చెబుతారు?

తమ్ముడు: మోకాలి ఎత్తున, కిందికి వంచిన ఎర్ర దీపం పెడితే మనుషులకు దారి కనబడుతుంది, తాబేలు పిల్లలు దానికి అంతగా మోసపోవు.

అక్క: దీపం కన్నా నాకు కోపం తెప్పించినది ఆ తొట్టి. రాత్రి పుట్టిన పిల్లలను అతిథులు కాఫీ తాగి వచ్చేదాకా తొట్టిలో ఉంచారు. అలలు దాటి లోతుకు ఈదడానికి దాచుకున్న బలమంతా ఆ గోడలను గీకడానికే ఖర్చయింది. ఎనిమిది గంటలకు వదిలేసరికి కాకులు వరుసగా కూర్చుని ఉన్నాయి.

తమ్ముడు: చూడనివ్వకపోతే జనానికి మమకారం ఎలా కలుగుతుంది?

అక్క: వాటి ప్రాణం మీదికి తెచ్చే మమకారం ఎవరికి కావాలి?

తమ్ముడు: ఫొటోలు తీసినది మీరే కదా.

అక్క: తీశాను. పదకొండు తీశాను.

తమ్ముడు: నేను అలా అనకుండా ఉండవలసింది.

అక్క: అనవలసిందే. ఇక తాటాకు పందిరి సంగతి. ఇసుక బాగా వేడెక్కితే ఎక్కువగా ఆడపిల్లలే పుడతాయి కనుక హేచరీకి నీడ...

తమ్ముడు: అక్కా, మీ వెనక వరండాలో దీపం వెలుగుతోంది.

అక్క: ఇది విజయవాడరా!