ఆ 465ని ఎందుకు కొట్టెయ్యలేదంటే

(గుంటూరులో ఒక మున్సిపల్ ప్రాథమిక పాఠశాలలో, తల్లిదండ్రుల సమావేశంలో మూడో తరగతి టీచరు మాట్లాడింది)

అందరికీ నమస్కారమండీ. మిర్చి యార్డులో పని మానుకుని వచ్చినవాళ్ళున్నారు, పూట కూలి పోయింది. అందుకని సోది చెప్పను.

మీ ఫిర్యాదు నాదాకా వచ్చింది. మేడమ్ నోట్సు రాయించట్లేదు, తప్పులు దిద్దట్లేదు, కాన్వెంటు పిల్లలు భిన్నాల్లోకి పోతే మనవాళ్ళింకా తీసివేతల్లోనే ఉన్నారు అని. నిజమే. మూడు వారాలైంది.

ఇదిగో, ఒక పాప నోట్సు. పేరు చెప్పను. 503లోంచి 168 తీసెయ్యమంటే 465 రాసింది. ఎర్రపెన్నుతో కొట్టేసి పక్కన 335 వేస్తే మీకు సంతోషం, నాకు నిమిషం పని. కానీ పాప ఏం చేసిందో చూడండి. 3లోంచి 8 పోదని 8లోంచి 3 తీసింది. సున్నాలోంచి 6 పోదని 6 అలాగే దింపింది. ఎక్కడైనా పెద్దంకెలోంచి చిన్నంకె తీయాలని తనకు తానే ఒక రూలు పెట్టుకుంది. రూలు తప్పుగానీ, దాని ప్రకారం లెక్క కరెక్టే!

"503 రూపాయల్లో 168 కిరాణాకొట్లో ఇచ్చేస్తే 465 మిగులుతాయా?" అన్నాను. నవ్వేసింది. "అంత ఎట్టా మిగులుద్ది మేడమ్, వంద పైనే ఇచ్చేశాంగా!" అట్టముక్కలతో నోట్లు చేసుకుని కూర్చున్నాం. ఒక వందను మారిస్తే పది పదులు. అందులో ఒక పదిని మారిస్తే పది రూపాయి బిళ్ళలు. ఇప్పుడు చేతిలో నాలుగు వందలు, తొమ్మిది పదులు, పదమూడు బిళ్ళలు. ఇక తీసుకో అన్నాను.

మాకు "పక్కింట్లో ఒకటి అప్పు తెచ్చుకో" అని నేర్పారు. నేనూ ఏళ్ళతరబడి అదే చెప్పాను. ఆ అప్పు ఎప్పుడు తీరుస్తామని ఒక పిల్లాడు అడిగేదాకా నాకు తట్టలేదు.

బోర్డు మీదది దింపించడం చేతకాక కాదండీ. ఒకప్పుడు ముత్యాల్లాంటి నోట్సులు రాయించాను. అలా రాసిన పిల్లాడే ఐదో తరగతి దాటాక, చిల్లర సరిపోయిందో లేదో తేల్చుకోలేక కొట్టు ముందు నిలబడటం కళ్ళారా చూశాను. 2021లో మొదలైన కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం నిపుణ్ భారత్ కూడా మూడో తరగతి అయ్యేసరికి చదవడం, రాయడం, లెక్కల పునాది గట్టిపడాలనే అంటోంది.

"రెండు తగిలించండి మేడమ్" అంటారు కొందరు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ ఒప్పుకోదు. చట్టం లేకపోయినా కొట్టను. దెబ్బకు జడిసిన పిల్ల 465 రాయదు, పక్కదాని నోట్సు చూసి 335 వేస్తుంది. ఇక నాకేం తెలుస్తుంది?

ఎక్కాల విషయంలో మాత్రం తప్పు నాదే. అవి నోటికి రావాల్సిందే, అశ్రద్ధ చేశాను. సోమవారం నుంచి ప్రార్థన కాగానే రోజూ అప్పజెప్పించుకుంటాను.

ఇప్పుడు నోట్సులు పంచుతాను. కొట్టెయ్యని తప్పు కనిపిస్తే తిట్టకుండా, ఇట్టా ఎందుకు చేశావని పిల్లనే అడగండి. చదువుకోలేదని మొహమాటపడొద్దమ్మా, రోజూ కూలి లెక్క చూసుకునేది మీరేగా. వెనక వరుసవాళ్ళు ముందు రండి.