ఫోన్ చేతికిచ్చే ముందు

విజయవాడలో తల్లిదండ్రులు, ఉపాధ్యాయుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం

సభలోని తల్లిదండ్రులకు, తోటి ఉపాధ్యాయులకు, పరీక్షలు దగ్గరపడుతున్నా వచ్చి కూర్చున్న విద్యార్థులకు నమస్కారం.

ఉన్నత పాఠశాలల్లో 30 ఏళ్లు గణితం బోధించి పదవీ విరమణ చేసినవాణ్ని నేను. ఇప్పుడు తల్లిదండ్రులు ఎదురుపడితే లెక్కల మార్కుల గురించి అడగడం లేదు. "మాస్టారూ, మావాడికి ఫోన్ ఏ వయసులో ఇవ్వమంటారు?" అని అడుగుతున్నారు. దానికి ఫలానా వయసని నేను చెప్పను. తిరిగి వారినే ఒక మాట అడుగుతాను: మీ బిడ్డ ఆ ఫోన్‌లో ఏదైనా పొరపాటు చేస్తే, ఆ సంగతి ఆ సాయంత్రమే మీ దగ్గరకు వచ్చి చెబుతాడని మీకు నమ్మకం ఉందా? ఈ రోజు నేను చెప్పదలచుకున్నదంతా ఆ నమ్మకం గురించే.

నాకు తెలిసిన ఒక కుటుంబంలో జరిగింది చెబుతాను. తండ్రి ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డులో పనిచేస్తారు. కొడుకు అప్పుడు తొమ్మిదో తరగతి. ఫోన్‌లో ఆట ఆడుతుండగా పరిచయమైన ఒకడు, ఆటలో వాడుకునే వజ్రాలు ఉచితంగా పంపిస్తానని నమ్మించి, నాన్న డెబిట్ కార్డు మీది అంకెలు, ఆ తర్వాత ఫోన్‌కు వచ్చిన ఓటీపీ చదివి చెప్పమన్నాడు. పిల్లవాడు చెప్పాడు. 18 వేల రూపాయలు పోయాయి. బ్యాంకు నుంచి వచ్చిన సందేశం చూసి వాడికి విషయం అర్థమైంది. కానీ ఆ సందేశాన్ని చెరిపేసి, మూడు రోజులు అన్నం సరిగా తినకుండా, జ్వరమని చెప్పి పడుకున్నాడు. నాలుగో రోజు పెట్రోలు బంకులో డబ్బు చెల్లించబోతే ఖాతాలో లేదని తెలిసింది తండ్రికి.

ఆ మూడు రోజులే అసలు నష్టం. సైబర్ నేరాల్లో డబ్బు పోగొట్టుకున్నవారి కోసం 1930 అనే నంబరు ఉంది. దానికి ఫోన్ చేసి వివరాలు చెబితే, సమాచారం బ్యాంకులకు చేరి, సొమ్ము వెళ్లిన ఖాతాలో ఇంకా మిగిలి ఉంటే దాన్ని అక్కడే నిలిపివేయించే ఏర్పాటు ఉంది. గంటల్లో చెప్పిన వారికి ఆశ ఎక్కువ. రోజులు గడిచేసరికి ఆ డబ్బు ఖాతాలు మారి, ఎక్కడో మోసగాళ్ల చేతికి అందిపోయి ఉంటుంది. ఆ కుటుంబానికి రూపాయి కూడా తిరిగి రాలేదు.

తరువాత ఆ పిల్లవాణ్ని కూర్చోబెట్టుకుని, ఎందుకు చెప్పలేదురా అని అడిగాను. కొడతారని భయపడ్డానని చెబుతాడనుకున్నాను. "ఫోన్ తీసేసుకుంటారని సార్" అన్నాడు. ఆ మాట నన్ను చాలాకాలం వెంటాడింది. తప్పు చేస్తే ఫోన్ లాక్కోవడమనే శిక్ష మనకు చాలా సహజంగా తోస్తుంది. కానీ ఆ శిక్ష వల్ల పిల్లలు నేర్చుకునేది జాగ్రత్త కాదు, దాపరికం. మోసగాళ్లకు కావలసింది కూడా సరిగ్గా అదే. అందువల్ల ఫోన్ ఇచ్చే రోజే బిడ్డకు స్పష్టంగా ఒక మాట ఇవ్వండి: నువ్వంతట నువ్వు వచ్చి చెప్పిన పొరపాటుకు ఫోన్ తీసుకోను. ఆ మాట ఒకసారి తప్పితే రెండోసారి నమ్మరు. ఇది మనకు కష్టమే. 18 వేలు పోయాయని విన్న క్షణంలో చెయ్యి లేవకుండా ఉండటం ఏ తండ్రికీ తేలిక కాదు.

అసలు ఈ వస్తువు పిల్లల చేతికి పాఠం లేకుండానే వచ్చింది. 2020 మార్చిలో బడులు మూతపడ్డాయి. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనే తరగతి గది అయింది. 2022 డిసెంబరులో మన రాష్ట్రంలో ప్రభుత్వ బడుల ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబులు అందాయి. వాటిలో పాఠాలు ఉన్నాయి. వాటిని వాడటమెలాగన్న పాఠం మాత్రం ఇళ్లలోనూ బళ్లలోనూ మనం చెప్పలేకపోయాం. మరో వైపు, మన నగరం ప్రత్యేకత ఒకటి ఉంది. ఇంటర్మీడియట్ రెండేళ్లు హాస్టల్లో ఉండే వేలమంది పిల్లలకు ఫోన్ కంటికి కనిపించదు. ప్రవేశ పరీక్ష ముగిసిన వారానికి కొత్త ఫోన్ కొనిపెట్టి, దూరపు ఊరి ఇంజినీరింగ్ కళాశాలకు పంపుతాం. ఒక్కరోజు కూడా మన పక్కన కూర్చుని వాడటం నేర్చుకోనివారికి, ఏ కాపలా లేనిచోట, ఒక్కసారిగా అంతా తెరిచి ఇస్తున్నాం. నిషేధం నిఘా ఉన్నంతవరకే పనిచేస్తుంది. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడైనా ఆ పిల్లలతో కూర్చోవాలని నా అభ్యర్థన.

చిన్నపిల్లల విషయంలో ఎక్కువ చర్చ అక్కరలేదు. ఏడాది నిండని పసివాళ్లకు తెర అసలు వద్దని, రెండు నుంచి నాలుగేళ్ల వారికి రోజుకు గంటకు మించకూడదని, ఇంకా తగ్గితే మేలని 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. ఫోన్ చూపిస్తేనే ముద్ద మింగే అలవాటు మనం చేసినదే కనుక మాన్పించే ఓపిక కూడా మనకే ఉండాలి.

బడి పిల్లలకు మాత్రం ఆదేశాల కంటే యంత్రం గుట్టు చెప్పడం మంచిదని నా అనుభవం. ఒక వీడియో అయిపోగానే అడగకుండానే మరొకటి ఎందుకు మొదలవుతుంది? వేలితో ఎంత తోసినా రీల్స్‌కు చివర ఎందుకు ఉండదు? మనం ఎంతసేపు చూస్తే ఆ యాప్ నడిపే సంస్థకు అన్ని ప్రకటనలు చూపించే వీలు దొరుకుతుంది, ఏ వీడియో దగ్గర మన వేలు ఆగిందో గుర్తుపెట్టుకుని అలాంటివే ముందుకు తెస్తుంది, అని తరగతిలో వివరించినప్పుడు పిల్లల ముఖాల్లో కోపం చూశాను. తమను ఎవరో ఆడిస్తున్నారని తెలిస్తే వారికి నచ్చదు. అలాగే యూపీఐ పిన్ సంగతి: డబ్బు పంపడానికే పిన్ కావాలి, మనకు డబ్బు రావడానికి అక్కరలేదు. ఈ ఒక్క వాక్యం ఆరో తరగతి పిల్లకు అర్థమైతే ఇంట్లో నాయనమ్మను కూడా ఆ పిల్లే కాపాడుతుంది.

ఇక ఆడపిల్లల తల్లిదండ్రులు తప్పక వినవలసిన విషయం. మామూలు ఫోటో ఒకటి దొరికితే చాలు, దాన్ని అసభ్యంగా మార్చగల సాధనాలు ఈ రోజు ఎవరి చేతికైనా అందుతున్నాయి. ఆ బొమ్మ చూపించి బెదిరించేవారు మొదట చెప్పే మాట "ఇంట్లో చెప్పకు" అనే. బిడ్డ వచ్చి చెప్పినప్పుడు మన నోటి నుంచి ముందుగా రావలసింది "తప్పు నీది కాదమ్మా" అన్న మాట. ఫోటో ఎందుకు పెట్టావన్న ప్రశ్న ఆ రోజు వద్దు. డబ్బు ఇవ్వకూడదు, బెదిరింపు సందేశాలు చెరిపేయకూడదు. వాటిని, ఆ ఖాతా పేరును భద్రపరచి జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో ఫిర్యాదు చేయాలి. మహిళలు, పిల్లలపై జరిగే నేరాల విషయంలో పేరు చెప్పకుండా ఫిర్యాదు చేసే వీలు కూడా అక్కడ ఉంది. 1098 బాలల సహాయవాణి పగలూ రాత్రీ పనిచేస్తుంది. 18 ఏళ్ల లోపు వారి అలాంటి చిత్రాలను తొలగింపజేయడానికి టేక్ ఇట్ డౌన్ అనే ఉచిత సేవ ఉంది. చిత్రం ఫోన్ దాటి పోకుండానే, వేలిముద్ర లాంటి దాని గుర్తు మాత్రమే తీసుకుని, ఈ సేవకు ఒప్పుకున్న సంస్థల వేదికల మీద ఆ చిత్రాన్ని పట్టుకునే ఏర్పాటు అది. ఇంకొక సంగతి. సాక్ష్యం చూపిద్దామన్న మంచి ఉద్దేశంతోనైనా అటువంటి చిత్రాన్ని బంధువులకు, ఉపాధ్యాయులకు పంపకండి. పిల్లల అశ్లీల చిత్రాలను పంపడం సమాచార సాంకేతిక చట్టం 67బి సెక్షన్ కింద నేరం.

పిల్లలు బాధితులే కాదు, ఒక్కోసారి బాధపెట్టేవారు కూడా. తరగతి గ్రూపులో తోటివాడి ఫోటోకు వెక్కిరింపు పేరు తగిలించి తిప్పిన పిల్లలను నేను చూశాను. అయితే వారిని మందలించబోయే ముందు మన చేతులు చూసుకోవాలి. కూతురి హాల్‌టికెట్ నంబరు, ర్యాంకు, ఫోటో ఆమెను అడగకుండానే స్టేటస్‌లో పెట్టేది మనం. తక్కువ మార్కులు వచ్చినవాడి సంగతి బంధువుల గ్రూపులో రాసేది మనం. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు, నీళ్లలో చిక్కుకున్నవారి ఆచూకీ తెలుసుకోవడానికి ఈ ఫోన్లే ఆధారమయ్యాయి. ఆ రోజుల్లోనే మా వీధి గ్రూపులోకి మళ్లీ గండి పడిందని ఒక సందేశం వచ్చింది. ఎవరు పంపారో, ఎక్కడ చూశారో అడగకుండా పెద్దలందరం తలా పదిమందికి పంపాం. ముసలివాళ్లను రెండో అంతస్తుకు మోసుకెళ్లిన ఇళ్లు ఉన్నాయి. అది నిజం కాదని సాయంత్రానికి తెలిసింది. పంపినవారిలో ఒక్కరూ గ్రూపులో క్షమించమని రాయలేదు. నేనూ రాయలేదు. మా మనవడు అదంతా చూస్తూనే ఉన్నాడు.

చట్టాలు రాకపోలేదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్ల లోపు వారిని బాలలుగా గుర్తించి, వారి సమాచారం వాడుకోవడానికి తల్లిదండ్రుల అనుమతి కావాలంది. వారిని వెంటాడి ప్రకటనలు చూపడం కూడదంది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను 2025లో పార్లమెంటు చట్టం చేసి నిషేధించింది. ఆస్ట్రేలియాలో 2025 డిసెంబరు 10 నుంచి 16 ఏళ్ల లోపు వారికి సామాజిక మాధ్యమాల్లో ఖాతాలు ఉండకుండా చూడవలసిన బాధ్యతను ఆ సంస్థల మీదే పెట్టారు. సంస్థలను నిలదీయడం అవసరమనే నేను నమ్ముతాను. కానీ మన ఇళ్లలో పిల్లలు వాడేది చాలావరకు అమ్మ ఫోన్, అమ్మ ఖాతా. ఆ గడప లోపలికి చట్టం రాలేదు.

ఫోన్‌ను గమనించే యాప్‌లు పెట్టవచ్చా అని కొందరు అడుగుతున్నారు. పెట్టండి, బిడ్డకు చెప్పి పెట్టండి, ఎందుకు పెడుతున్నారో, ఏ వయసులో తీసేస్తారో కూడా చెప్పండి. దొంగచాటుగా సందేశాలు చదివితే, అది తెలిసిన రోజున ఆ పిల్ల మీకు చెప్పడం మానేసి స్నేహితురాలి ఫోన్ వాడటం మొదలుపెడుతుంది.

నేను చెప్పదలచుకున్నది ఇంతే. ఇప్పుడు ప్రశ్నలకు అరగంట సమయం ఉంది. పెద్దలు మన్నించాలి, వెనుక వరుసల్లో కూర్చున్న పిల్లలు ముందుగా అడగాలని కోరుతున్నాను. పేరు చెప్పడం ఇష్టం లేనివారు కాగితం మీద రాసి పంపవచ్చు, అవి నేను తప్ప మరెవరూ చూడరు.