దుబాయ్ జీతంలో బేసిక్ ఎంత?

శ్రోతలకు నమస్కారం. వైద్యవృత్తిలో ఉన్న మన పిల్లలకు బ్రిటన్ నుంచో, దుబాయ్ నుంచో ఉద్యోగం వచ్చిందనగానే ఇంటిల్లిపాదీ మొదట చేసే పని ఆ జీతాన్ని రూపాయల్లోకి మార్చి చూసుకోవడం. ఆ లెక్క తప్పని అనను గాని, ఆ డబ్బు ఖర్చయ్యేది ఇక్కడ కాదు, అక్కడ.

బ్రిటన్ సంగతి క్లుప్తంగా చెబుతాను. ఇంగ్లండులో ఏడాదికి 50,000 పౌండ్లు సంపాదించే డాక్టరుకు మొదటి 12,570 పౌండ్ల మీద పన్ను ఉండదు. మిగిలినదానిపై 20 శాతం ఆదాయపు పన్ను, 8 శాతం నేషనల్ ఇన్సూరెన్సు (ప్రభుత్వ సామాజిక భద్రతకు కట్టే చందా) పోతే దాదాపు 39,500 పౌండ్లు మిగులుతాయి. పింఛను చందా, స్థానిక సంస్థకు కట్టే కౌన్సిల్ ట్యాక్సు, ఇంటి అద్దె వేరు. ప్రభుత్వ బడిలో పిల్లల చదువు మాత్రం ఉచితం.

దుబాయ్‌లో జీతం మీద ఆదాయపు పన్ను లేదు. లేదు కనుక అంతా మిగులుతుందనుకోవడం దగ్గరే నాకు పేచీ. అద్దెకు ఏడాది మొత్తానికీ ముందుగానే చెక్కులు రాసివ్వడం అక్కడి ఆనవాయితీ. ఆ అద్దెలో 5 శాతం హౌసింగ్ ఫీజు కరెంటు, నీళ్ల బిల్లుతో కలిసి వస్తుంది. మనవాళ్ల పిల్లలు చదివేవి ఫీజులు కట్టవలసిన ప్రైవేటు బళ్లే. పైగా ప్రైవేటు ఆస్పత్రిలో పనిచేసే విదేశీ డాక్టరుకు సాధారణంగా పింఛను ఉండదు, ఉద్యోగం వదిలేటప్పుడు ఇచ్చే గ్రాట్యుటీ ఒక్కటే ఉంటుంది.

ఆ గ్రాట్యుటీని మొత్తం జీతం మీద కాదు, బేసిక్ మీద, అంటే అలవెన్సులు కలపని మూల వేతనం మీద లెక్క కడతారు. మొదటి అయిదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్, ఆ తరువాతి ప్రతి ఏడాదికీ 30 రోజుల బేసిక్. ఒకే కాలేజీలో చదివిన ఇద్దరు డాక్టర్లు దుబాయ్‌లో రెండు వేర్వేరు ఆస్పత్రుల్లో చేరారనుకుందాం. ఇద్దరికీ నెలకు 30,000 దిర్హమ్‌లే. మొదటివారికి అందులో బేసిక్ 24,000, మిగతాది అలవెన్సులు. రెండోవారికి బేసిక్ 15,000 మాత్రమే. నెలనెలా బ్యాంకులో పడేది ఒకటే కనుక అయిదేళ్లపాటు ఇద్దరికీ తేడా తెలియదు. అయిదేళ్లకు 105 రోజులు, అంటే మూడున్నర నెలల బేసిక్. ఉద్యోగం వదిలిన రోజున మొదటివారి చేతికి 84,000 దిర్హమ్‌లు, రెండోవారి చేతికి 52,500. మొత్తం జీతం ఒకటే, బేసిక్ వేరు. అందుకే 31,500 దిర్హమ్‌ల తేడా.

కాబట్టి ఇంటర్వ్యూలో జీతం మాట వచ్చినప్పుడు బేసిక్ ఎంత అని మొహమాటపడకుండా అడగాలి. ఉద్యోగి ఆరోగ్య బీమా ఆస్పత్రి బాధ్యతే అయినా భార్యాపిల్లల బీమాను ఎవరు కడతారో అప్పుడే తేల్చుకోవాలి. ఈ రెండు జవాబులనూ ఫోనులో విని ఊరుకోక ఆఫర్ లెటరులో రాయించుకున్న తరువాతే ఇక్కడి ఉద్యోగానికి రాజీనామా ఇవ్వాలి.