ముప్పై ముగ్గురిలో లేని పైలట్

సభకు నమస్కారం. అధ్యక్షులవారు నాకు పది నిమిషాలిచ్చారు. అందులో రెండు ఆయన చేసిన పరిచయానికే పోయాయి. కాబట్టి తిరుగు పొగడ్తలు మానేస్తున్నాను.

లిస్బన్ వెళ్లేవాళ్లు టేగస్ నది ఒడ్డున, ఓడ ఆకారంలో, రెండు పక్కలా విగ్రహాల వరుసలతో ఉన్న నావికుల స్మారకాన్ని ఎలా చూడాలో చెప్పమన్నారు. కైస్ దో సొద్రే స్టేషన్‌లో కాస్కాయిస్ లైను రైలెక్కి బెలేంలో దిగండి. వేగం బళ్లు కొన్ని అక్కడ ఆగవు, బోర్డు చూసి ఎక్కాలి. 15ఇ ట్రాములో వెళ్తే జెరోనిమోస్ మఠం దగ్గర దిగుతారు. అక్కడికి స్మారకం ఎదురుగానే కనిపిస్తుంది గానీ మధ్యలో పెద్ద రోడ్డు, రైలు పట్టాలు అడ్డం. దాటే చోటు కోసం అటూ ఇటూ తిరగకండి. తోట దాటాక రోడ్డు కింద నడిచే సొరంగం ఉంది.

దీన్ని మొదట 1940లో ఎగ్జిబిషన్ కోసం తాత్కాలికంగా కట్టారు, 1943లో విప్పేశారు. సముద్రయానాలను ప్రోత్సహించిన పోర్చుగీసు యువరాజు హెన్రీ చనిపోయి 500 ఏళ్లయిన సందర్భంగా 1960లో కాంక్రీటుతో, రాతితో మళ్లీ లేపారు. పోర్చుగల్ నియంత సలజార్ ప్రభుత్వం సామ్రాజ్య వైభవాన్ని చాటుకోవడానికి చేసిన పని అది. మరుసటి ఏడు డిసెంబరులోనే గోవా చేజారింది!

ఓడ ముక్కు దక్షిణానికి, నది వైపు ఉంటుంది. అందువల్ల తూర్పు వరుస విగ్రహాలకు ఉదయం వెలుగు, పడమటి వరుసకు సాయంత్రం. ముందున్న నేల మీద దాదాపు 50 మీటర్ల వెడల్పున దిక్కుల చక్రం ఉంది. దక్షిణాఫ్రికా ఇచ్చింది. నేల మీద నిలబడితే రంగురాళ్లే కనిపిస్తాయి, ఆకారం తెలియాలంటే పైకెక్కాల్సిందే. లిఫ్టు దిగాక ఇంకా మెట్లున్నాయి, మోకాళ్ల నొప్పులున్నవారు ఆలోచించుకోండి.

ఇక నేను చెప్పదలచుకున్నది. అక్కడ మొత్తం 33 మంది. తూర్పు వరుసలో వాస్కో డ గామా ఉన్నాడు. గామా ఇండియాకు వచ్చిన ప్రయాణంలోనే మరో ఓడ నడిపిన నికొలావ్ కొయెల్యో ఉన్నాడు. పడమటి వరుసలో గామా ఓడకు పైలటైన, అంటే దారి చూపే నావికుడైన పేరో దె అలెంకేర్ ఉన్నాడు. అంటే పైలట్లకు చోటుంది. పోర్చుగీసువాళ్లకే పరిమితం అందామా? మయోర్కా దీవివాడైన, దేశపటాలు గీసే మనిషి ఉన్నాడు, ఇంగ్లండులో పుట్టిన రాణి ఫిలిప్పా ఉంది, నవార్‌వాడైన ఫ్రాన్సిస్ జేవియర్ ఉన్నాడు. లేనిదల్లా ఆఫ్రికా తీరంలోని మలిందీ రాజు గామాకు ఇచ్చిన పైలటే.

అతనేం చేశాడో లెక్క చూడండి. 1498 ఏప్రిల్ 24న మలిందీ నుంచి బయల్దేరారు. నైరుతి గాలి అందుకుని, దాదాపు 23 రోజుల్లో మలబారు కొండలు కంటబడ్డాయి. తిరుగు ప్రయాణం అతని తెలివితో జరగలేదు. అక్టోబరు 5న కార్వార్ దగ్గరి అంజెదీవ్ నుంచి తెరచాపలెత్తారు. ఈశాన్య గాలి ఇంకా నిలదొక్కుకోలేదు. గాలి పడిపోవడం, లేదా ఎదురు తిరగడం. చిగుళ్లు వాచిపోయే స్కర్వీ పట్టుకుంది. అదే సముద్రం దాటడానికి మూడు నెలలు పట్టింది, సుమారు ముప్పై మంది పోయారు. ఓడకు ఏడెనిమిది మందే పనిచేయగలిగే స్థితిలో మిగిలారు. నడిపే చేతులు చాలక సావ్ రఫాయెల్ అనే ఓడను తామే తగలబెట్టుకున్నారు. అయ్యా, 23 రోజులు ఎక్కడ, మూడు నెలలు ఎక్కడ? ఆ తేడాకు ఒక విగ్రహం కూడా లేదా?

తూర్పు వరుసలోనే గోవా పట్టుకున్న అల్బుకర్క్ కూడా ఉన్నాడు. విజయనగరానికి రాయబారిని పంపిన మనిషి. గుర్రాల బేరం జోలికి పోతే మీ భోజనాలు ఆలస్యమవుతాయి.

మీలో వెళ్లేవారికి ఒక్క మనవి. గైడును అడగండి, మలిందీ నుంచి ఓడకు దారి చూపిందెవరని. అరబ్బు నావికుడు ఇబ్న్ మాజిద్ అంటాడేమో, ఒప్పుకోకండి. ఆ ప్రయాణంలో రాసిన డైరీలో పైలట్ పేరే లేదు. అతను గుజరాతీ అని, మాలెమో కానా అని తర్వాత రాసినవాడు చరిత్రకారుడు జోవావ్ దె బారోస్. ఆ బారోస్ విగ్రహం తూర్పు వరుసలోనే ఉంది, ఉదయం వెళ్తే ముఖం స్పష్టంగా కనిపిస్తుంది.