ఫీడ్ స్టోర్ దగ్గర ఆపిన పికప్ ట్రక్కు

అందరికీ నమస్కారమండి. వెనకాల కూర్చున్నవాళ్ళకి వినపడుతోందా? సరే. ఇందాక పరిచయం చేసినాయన నన్ను డాక్టర్ గారు అన్నారు, నేను డాక్టర్ని కాదండి, మందులు రాయను. చదివింది సోషల్ వర్క్. కాలిఫోర్నియా ఉత్తరాన కొండల్లో ఒక చిన్న కౌంటీలో మెంటల్ హెల్త్ ప్రోగ్రాం చూసుకుంటా. చూసుకోవడం అంటే ప్లాన్ రాయడం, డబ్బు లెక్క చెప్పడం, మీటింగులు పెట్టడం, పేషెంట్ల మంచిచెడ్డలు వెంట ఉండి చూసుకునే కేస్ మేనేజర్ సెలవు పెడితే నేనే వ్యాన్ తోలుకెళ్ళడం. ఒంగోల్లో మా అమ్మకి ఎన్నిసార్లు చెప్పినా "అయితే పిచ్చాళ్ళ లెక్కలు రాస్తావన్నమాట" అంటుంది. మొదట్లో కోపమొచ్చేది, ఇప్పుడు లెక్కల సంగతి నిజమేలే అని ఊరుకుంటున్నా.

పిల్లల్ని చూడ్డానికి ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్ళు కూడా ఉన్నారు కాబట్టి ఒక మాట, కౌంటీ అంటే మన జిల్లా లాంటిదే, కాకపోతే పైన కలెక్టర్ ఉండడు, జనం ఓట్లేసి ఎన్నుకున్న సూపర్వైజర్లు, మామూలుగా ఐదుగురు, ఉంటారు. కాలిఫోర్నియాలో ఇలాంటివి 58. అందులో లాస్ ఏంజెలస్ ఒకటి, జనాభా కోటికి దగ్గర. ఆల్పైన్ కౌంటీ ఒకటి, జనాభా 1,200 దరిదాపు, మన వైపు ఒక మోస్తరు పల్లె. ఇద్దరికీ చట్టం ఒకటే, నింపాల్సిన ఫారాలూ చాలావరకు అవే. వాళ్ళకి ఒక్కో ఫారానికి ఒక డిపార్ట్‌మెంట్ ఉంటుంది, మాలాంటి చోట అన్ని ఫారాలకీ కలిపి నేనొక్కదాన్ని.

ఇప్పుడు డబ్బు సంగతి, ఇది మీకు బాగా సంబంధించిన విషయం, నవ్వకండి. 2004 నవంబర్‌లో ఇక్కడ ప్రాపొజిషన్ 63 అని జనం ఓటేశారు, దాంతో మెంటల్ హెల్త్ సర్వీసెస్ యాక్ట్ వచ్చింది. ఏడాదికి 10 లక్షల డాలర్లు దాటి సంపాదించేవాళ్ళ దగ్గర, దాటిన ఆదాయం మీద 1 శాతం అదనంగా పన్ను, ఆ డబ్బు మానసిక ఆరోగ్యానికే వాడాలన్నారు. అంటే ఈ హాల్లో ఎవరైనా కంపెనీ ఐపీఓకి వెళ్ళిన ఏడాది స్టాక్ అమ్ముకుని ఉంటే, మా కౌంటీలో ఒక కౌన్సిలర్ జీతంలో కొంత మీదే. థాంక్స్ అండి. కానీ ఇందులో ఒక తిరకాసుంది, మార్కెట్ పడితే మీ స్టాక్ పడుతుంది, మీ స్టాక్ పడితే ఏడాదో రెండేళ్ళో ఆగి మా డబ్బు పడుతుంది, సరిగ్గా అప్పుడే ఉద్యోగాలు పోయి మా దగ్గరికి వచ్చే జనం పెరుగుతారు. అందుకే రిజర్వ్ కొంత పక్కన పెట్టమంటారు, అలాగని దాచుకుంటూ కూర్చున్నా కుదరదు, 3 ఏళ్ళలో ఖర్చు పెట్టని డబ్బు వెనక్కి పోతుంది, 2 లక్షల లోపు జనాభా ఉన్న చిన్న కౌంటీలకి దయతలచి 5 ఏళ్ళు ఇచ్చారు. డబ్బుండీ ఎందుకు ఖర్చవదు అంటారా, మనుషులు దొరకరండి. సైకియాట్రిస్ట్ పోస్టుకి ప్రకటన ఇస్తే ఏడాదిన్నర ఒక్క అప్లికేషన్ రాలేదు, ఇప్పుడు టీవీ తెర మీద డాక్టర్, తెర పక్కన కూర్చుని బీపీ చూసే నర్సు, ఇదీ మా పద్ధతి.

సరే, ట్రక్కు దగ్గరికొస్తా, అసలు చెప్పాలనుకున్నది అదే.

మా ఊరికి మెయిన్ రోడ్డు ఒకటే. క్లినిక్ ఆ రోడ్డు మీదే, ముందు పార్కింగు, ఎదురుగా కాఫీ షాపు. నేను కొత్తగా చేరినప్పుడు ఒకాయన ఉండేవాడు, పశువులు పెంచే మనిషి, అరవై దాటాయి, భార్య పోయింది, మనిషి నిద్రపోవట్లేదు అని ఆయన అక్క మాకు ఫోన్ చేసింది. అపాయింట్‌మెంట్ ఇచ్చాం, రాలేదు. మళ్ళీ ఇచ్చాం, రాలేదు. మూడోసారి మా కేస్ మేనేజర్ కిటికీలోంచి చూస్తే ఆయన ట్రక్కు మా ముందు నించే మెల్లగా వెళ్ళి, తిరిగి ఇంకోసారి మెల్లగా వెళ్ళి, ఇంటికెళ్ళిపోయింది. ఆ ట్రక్కుకి వెనక ఎడమ వైపు సొట్ట, ఊళ్ళో ప్రతివాడికీ తెలుసు అది ఎవరిదో. మా పార్కింగ్‌లో పది నిమిషాలు ఆగితే మధ్యాహ్నానికి కాఫీ షాపులో మాట, సాయంత్రానికి ఆయన మందలో పనిచేసే కుర్రాళ్ళ నోట్లో మాట. మన పల్లెల్లో కూడా అంతే కదా, ఆర్ఎంపీ దగ్గరికి పగలు వెళ్తారు, భూతవైద్యుడి దగ్గరికి పొద్దుపోయాక వెళ్తారు.

అప్పటిదాకా మా రిపోర్టుల్లో ఆయన పేరు పక్కన "రాలేదు" అని మూడు టిక్కులు. నిజానికి ఆయన మూడుసార్లూ వచ్చాడేమో, గుమ్మం దాకా.

తర్వాత మేం చేసింది పెద్ద తెలివైన పనేం కాదు. లైబ్రరీలో వెనక గది వారానికి రెండు రోజులు అడిగి తీసుకున్నాం. పశువుల దాణా అమ్మే ఫీడ్ స్టోర్ ఓనరమ్మని బతిమాలి వెనక స్టోర్ రూములో రెండు కుర్చీలు వేసుకున్నాం, గడ్డి వాసన, పిల్లి ఒకటి తిరుగుతూ ఉంటుంది, కౌన్సిలింగ్ అక్కడే. ఫీడ్ స్టోర్ ముందు ట్రక్కు ఆగితే ఎవడూ ఏమీ అనుకోడు. ఆయన వచ్చాడు. మొదటి నెలంతా దూడల ధర గురించే మాట్లాడాడట, మా కౌన్సిలర్ నోట్సులో ఏం రాయాలో తెలీక నన్నడిగింది, దూడల ధర అనే రాయమన్నా. ఆడిటర్ ఒప్పుకోడు అంది. ఆ గొడవ వేరే ఉంది లెండి.

ఇలా ఊళ్ళోనే జనం మధ్య చేసే వైద్యాన్ని కమ్యూనిటీ మెంటల్ హెల్త్ అంటారు. ఈ కమ్యూనిటీ అనే మాట ఎక్కడ్నుంచి వచ్చిందంటే, అప్పటి ప్రెసిడెంట్ కెనడీ 1963 అక్టోబర్ 31న కమ్యూనిటీ మెంటల్ హెల్త్ యాక్ట్ మీద సంతకం పెట్టాడు. పెద్ద పెద్ద ఆస్పత్రుల్లో ఏళ్ళ తరబడి తాళం వేసి ఉంచడం కాదు, ఎవరి ఊళ్ళో వాళ్ళకి వైద్యం అందాలని. ఆయన చెల్లెలు రోజ్‌మేరీకి 1941లో మెదడు ఆపరేషన్ చేయించి మనిషిని పాడుచేశారు, ఇంట్లో ఆ బాధ ఉన్న మనిషి. సంతకం పెట్టిన మూడు వారాలకి ఆయన్ని చంపేశారు. దేశమంతా 1,500 సెంటర్లు కడదామనుకుంటే సుమారు సగం దగ్గర ఆగిపోయాయి, ఆస్పత్రులు మాత్రం మూతపడుతూనే పోయాయి. తాళం తీశారు కానీ ఇల్లు కట్టలేదు, ఆ మిగిలిన సగం బాకీని ఇప్పటికీ మాలాంటి కౌంటీలు తీర్చుకుంటున్నాయి.

మా కౌంటీలో మానసిక రోగుల్ని చేర్చుకునే ఆస్పత్రి లేదు, ఒక్క మంచం లేదు. ఎవరైనా ప్రాణం తీసుకుంటానంటున్నారనుకోండి, చట్టంలో 5150 సెక్షన్ కింద 72 గంటల దాకా ఆపి ఉంచొచ్చు, ఎక్కడ ఆపాలి? ఊళ్ళో ఎమర్జెన్సీ రూములో, పక్కన కాలు విరిగినవాడు, ఇంకో పక్క జ్వరమొచ్చిన పసిపిల్ల, మధ్యలో కర్టెన్. ఎక్కడైనా మంచం ఖాళీ అయ్యేదాకా ఫోన్లు, దొరికితే నాలుగు గంటల ప్రయాణం, చలికాలమైతే మంచులో. మీరే ఒకటి కట్టుకోవచ్చు కదా అని అడుగుతారు. 16 మంచాలు దాటిన మానసిక ఆస్పత్రిలో చేరిన 21 నుంచి 64 ఏళ్ళ వాళ్ళకి మెడికెయిడ్, అంటే పేదలకి ప్రభుత్వం ఇచ్చే వైద్య బీమా, ఆ డబ్బు రాదని 1965 నాటి రూలు, మినహాయింపులు కొన్ని వచ్చినా రూలు పోలేదు. 16 లోపు కట్టామా, రాత్రింబవళ్ళు నర్సులు కావాలి, అసలు లేనిదే వాళ్ళు.

ఒకసారి ఏమైందంటే, మా పేషెంట్ కుర్రాడు ఒకడ్ని దూరం ఊరి ఆస్పత్రిలో చేర్చాం. ఆస్పత్రి పేరెందుకు లెండి. శుక్రవారం సాయంత్రం నాలుగున్నరకి డిస్చార్జ్ చేశారు, బట్టలు ఒక కాగితం సంచిలో పెట్టి, మూడు రోజుల మాత్రలిచ్చి. మాకు ఫ్యాక్స్ పంపారు, ఫ్యాక్స్ అండి, అది సోమవారం పొద్దున చూశాం. వాడు రెండు రాత్రులు బస్టాండ్లో ఉన్నాడు, మా ఊరికి బస్సు వారాంతం ఉండదని వాడికీ తెలుసు, పంపినవాళ్ళకి తెలీదు. అదృష్టం, ఏమీ కాలేదు. తప్పు వాళ్ళదే అని రెండు రోజులు ఎగిరాను, మూడో రోజు మా డైరెక్టర్ అడిగింది, "శుక్రవారం మధ్యాహ్నం నువ్వు ఫోన్ చేశావా?" అని. చేయలేదు. అప్పట్నుంచి ప్రతి శుక్రవారం పన్నెండు లోపు, మా పేషెంట్లు ఎక్కడెక్కడ ఉన్నారో అన్ని ఆస్పత్రులకీ ఫోన్ కొడతాం. చట్టంలో ఫుల్ సర్వీస్ పార్టనర్‌షిప్ అని ఒక పద్ధతుంది, జబ్బు బాగా ముదిరినవాళ్ళకి అద్దె, పళ్ళ డాక్టరు, బూట్లు, ఏది కావాలంటే అది చూడమని. మా దగ్గర అందులో సగం డబ్బు పెట్రోలుకే పోతుందేమో అనిపిస్తుంది.

పబ్లిక్ హియరింగ్ సంగతి చెప్పకపోతే కడుపుబ్బుతుంది. ఆ పన్ను డబ్బు ఎలా ఖర్చు పెడతామో మూడేళ్ళ ప్లాన్ రాశాక 30 రోజులు జనం ముందు పెట్టాలి, తర్వాత బహిరంగ సభ. నా మొదటి సభ బుధవారం మధ్యాహ్నం రెండింటికి పెట్టా, ప్రొజెక్టర్, నలభై స్లైడులు. వచ్చింది ముగ్గురు, అందులో ఒకాయన ప్రాపర్టీ టాక్స్ మీటింగ్ అనుకుని వచ్చాడు. పని ఉన్నవాడెవడైనా ఆ టైముకి వస్తాడా? మరుసటి ఏడాది సాయంత్రం ఆరింటికి, రైతుల గ్రేంజ్ హాల్లో, ఎవరి వంట వాళ్ళు తెచ్చుకునేట్టు పెట్టాం, నేను పులిహోర తీసుకెళ్ళా, నిమ్మకాయ అన్నమా అని రెండోసారి వడ్డించుకున్నారు. యాభై మంది దాకా వచ్చారు. స్లైడులు లేవు. ఒక ముసలావిడ లేచి "మీ క్లినిక్‌లో ఆ అద్దం ఎందుకు, నేనేమైనా దొంగనా?" అంది.

అద్దం అంటే రిసెప్షన్ ముందు మందపాటి గ్లాసు. దానికో కథుంది. మాలాంటిదే నెవాడా కౌంటీ, పేరు నెవాడా కానీ ఉన్నది కాలిఫోర్నియాలోనే, 2001 జనవరి 10న అక్కడి క్లినిక్‌కి ఒక పేషెంట్ తుపాకీతో వచ్చాడు. శీతాకాలం సెలవులకి ఇంటికొచ్చి ముందు డెస్కులో సాయం చేస్తున్న 19 ఏళ్ళ కాలేజీ పిల్ల లారా విల్‌కాక్స్‌ని కాల్చేశాడు, ఆ రోజు మొత్తం ముగ్గురు పోయారు. 2002లో ఆ అమ్మాయి పేరు మీదే లారాస్ లా వచ్చింది, వైద్యం వద్దంటున్నవాళ్ళకి కోర్టు ద్వారా బయటే ఉంచి వైద్యం చేయించొచ్చని. అమలు చేయాలా వద్దా కౌంటీల ఇష్టమన్నారు, నెవాడా కౌంటీ 2008లో మొదలుపెట్టింది. మానసిక జబ్బున్నవాళ్ళలో చాలామంది ఎవరి జోలికీ పోరు, అది నాకు రోజూ కనపడేదే. అయినా మా రిసెప్షన్లో కూర్చునే పిల్లకి ఇరవై రెండేళ్ళు, దాన్ని చూసినప్పుడల్లా లారా గుర్తొస్తుంది. ముసలావిడ మాటా నిజమే, పిల్ల ప్రాణమూ నిజమే. అద్దం ఉంచాం. కానీ ముందు బయటికొచ్చి కూర్చోబెట్టి టీ ఇచ్చే ఒక మనిషిని పెట్టాం, ఆవిడ కూడా ఒకప్పుడు మా పేషెంటే, ఇక్కడ పీర్ స్పెషలిస్ట్ అంటారు, 2020లో వచ్చిన చట్టంతో వాళ్ళకి సర్టిఫికెట్ కూడా ఇస్తున్నారు. కరెక్టేనా అంటే నాకు పూర్తిగా తెలీదు, రోజు గడుస్తోంది.

తుపాకుల గురించి ఒక్క మాట. అమెరికాలో ఆత్మహత్యల్లో సగానికి పైగా తుపాకీతోనే. మన ప్రకాశం, అనంతపురం, వరంగల్ రైతుకి చేతికందేది పురుగుమందు డబ్బా, వీళ్ళకి బీరువాలో రైఫిల్. ఆ గడియ దాటితే చాలామంది బతుకుతారు, కాబట్టి ఆ గడియలో చేతికి అందకూడదు. తుపాకీ వద్దు అంటే మా ఊళ్ళో నన్ను వెళ్ళగొడతారు. న్యూ హాంప్‌షైర్‌లో తుపాకీ షాపుల వాళ్ళనే కలుపుకుని మొదలుపెట్టిన పద్ధతొకటుంది, దాన్నే మేమూ పట్టుకున్నాం. ఫీడ్ స్టోర్లో కాఫీ ఫ్లాస్కు పక్కన ఒక అట్టపెట్టె, అందులో ఉచితంగా తుపాకీకి వేసుకునే కేబుల్ తాళాలు, పైన 988 అని నంబరు, అది 2022 జూలై నుంచి దేశమంతా పనిచేస్తున్న హెల్ప్‌లైన్. పెట్టె ఖాళీ అవుతుంది, నింపుతాం. ఎవరు తీసుకున్నారో రాసుకోం. ఇండియాలో అయితే 14416, టెలీ మానస్, తెలుగులో మాట్లాడతారు, ఇంటికి ఫోన్ చేసినప్పుడు ఈ నంబర్ చెప్పండి.

దాచుకోవడంలో మన తెలుగువాళ్ళు మాత్రం తక్కువా? వీసా కోసం మూడేళ్ళు పల్లెటూళ్ళో పనిచేసే మన డాక్టర్లు మా చుట్టుపక్కల కూడా ఉన్నారు. ఒకాయన రాత్రి పదింటికి ఫోన్ చేశాడు, "అక్కా, అమ్మ ఇండియా నుంచొచ్చి ఆరు నెలలైంది, గదిలోంచి బయటికి రావట్లేదు, ఎక్కడా రికార్డులోకి ఎక్కకుండా చూడొచ్చా?" అని. రోజూ పేషెంట్లకి డిప్రెషన్ మాత్రలు రాసే మనిషే. ఆయన కారు మా పార్కింగ్‌లో ఆపమంటే ఆపడు, ఆ పశువుల పెద్దాయన ఎందుకు ఆపుతాడు చెప్పండి.

ఇప్పుడు ఆ పన్ను డబ్బు రూల్స్ మారాయి. 2024 మార్చిలో ప్రాపొజిషన్ 1 సన్నటి తేడాతో గెలిచింది, 2026 జూలై నుంచి కౌంటీకి వచ్చే డబ్బులో 30 శాతం ఇళ్ళకి, 35 శాతం ఫుల్ సర్వీస్ పార్టనర్‌షిప్‌కి, మిగతా 35 మిగతావాటికి. పెద్ద ఊళ్ళలో రోడ్డు మీద పడుకునేవాళ్ళని చూస్తే ఇళ్ళకి డబ్బు పెట్టడం తప్పనలేను. కానీ జబ్బు రాకముందు చేసే పనుల డబ్బు రాష్ట్రం చేతికి పోయింది, గ్రేంజ్ హాల్ భోజనాలు, తాళాల పెట్టె ఏ ఖాతాలో రాయాలో నేనింకా వెతుక్కుంటున్నా. చిన్న కౌంటీలు మినహాయింపు అడగొచ్చన్నారు, అడగడానికీ ఒక ఫారం ఉంది.

ఆ పెద్దాయన ఇప్పటికీ వస్తాడు. ఫీడ్ స్టోర్ దగ్గరే ఆపుతాడు, సొట్ట అలాగే ఉంది. పోయిన నెల ఇంకో కుర్రాడ్ని వెంట తీసుకొచ్చి "వీడికి దాణా ఎక్కడ దొరుకుతుందో చూపించు" అని మా కౌన్సిలర్‌తో చెప్పి, బయట ట్రక్కులో కూర్చున్నాడట గంటసేపు.

ప్రశ్నలుంటే అడగండి, తొందరగా అడగండి, రాత్రికి మంచు పడుతుందంటున్నారు, ఘాట్ రోడ్డు మూసేస్తే నేను ఇక్కడే మీలో ఎవరింట్లోనో పడుకోవాలి.