గ్రాఫిక్స్ కార్డు కొనేముందు కంప్యూటర్ కేబినెట్ తెరవండి

అందరికీ నమస్కారం.

ముందుగా మీకో చిన్న పని చెప్తాను. ఇవాళ ఇంటికెళ్లాక మీరు బాగా ఆడే గేమ్ ఒకటి తెరవండి. వీ-సింక్ (ఫ్రేమ్‌లను మానిటర్ వేగానికి కట్టేసే సెట్టింగ్) ఆపేయండి, ఫ్రేమ్‌లకు లిమిట్ పెట్టి ఉంటే తీసేయండి. మిగతా సెట్టింగ్స్ ముట్టుకోకుండా రిజల్యూషన్ ఒక్కటే 1080పీ నుంచి 720పీకి దించండి. బొమ్మ అలుక్కుపోయినట్టు ఉంటుంది, పట్టించుకోకండి. ఫ్రేమ్‌ల లెక్క, అంటే సెకనుకు ఎన్ని బొమ్మలు వస్తున్నాయో అది ఒక్కటే చూడండి. 40 ఉన్నది 70కి ఎగబాకిందా? అయితే బొమ్మ గీసే మీ గ్రాఫిక్స్ కార్డు అలిసిపోయింది, కొత్తది కొంటే ఫలితం ఉంటుంది. 40 ఉన్నది 42 దగ్గరే బైఠాయించిందా? అయితే పాపం కార్డుది కాదు.

కారణం సులువే. 1080పీలో ఒక్కో ఫ్రేమ్‌కు 20 లక్షల 73 వేల పిక్సెళ్లు ఉంటాయి. 720పీలో 9 లక్షల 21 వేలు. అంటే కార్డు మోసే బరువు సగానికి పైగా దిగిపోయింది. ప్రాసెసర్‌కు మాత్రం ఏమీ దిగలేదు. శత్రువు ఎక్కడున్నాడు, తూటా ఎటు పోయింది, ఏది ఎప్పుడు కూలాలి అనే లెక్కలకు పిక్సెళ్లతో సంబంధం లేదు. సెకనుకు 60 ఫ్రేమ్‌లు రావాలంటే ఒక్కో ఫ్రేమ్‌కు దాదాపు 16.7 మిల్లీసెకన్లే గడువు. ఆ గడువులో ఇద్దరూ తమ పని ముగించాలి. ఎవరు వెనకబడితే రెండోవాడు వాళ్ల కోసం కాచుకుని కూర్చోవాలి.

ఈ పరీక్ష నేను మొదటిసారి చెయ్యలేదు. చెయ్యకుండానే కార్డు కొన్నాను. బిగించబోతే హార్డ్‌డిస్కులు పెట్టే ఇనప గూడు అడ్డొచ్చింది. వేలెడంత పొడవు ఎక్కువైంది. స్క్రూలు విప్పి గూడు పీకేసి, హార్డ్‌డిస్కును కేబినెట్ అడుగున టేపుతో అతికించి, ఘనకార్యం చేసినట్టు గేమ్ తెరిచాను. ఫ్రేమ్‌లు ఇంచుమించు పాత లెక్కే. రెండు రోజులు కార్డును తిట్టుకున్నాను. చివరికి తేలిందేమిటంటే, నా దగ్గర ర్యామ్ ఒకే ఒక్క స్టిక్. డ్యూయల్ ఛానల్ బోర్డులో, అంటే ర్యామ్‌కు రెండు దారులున్న మదర్‌బోర్డులో, ఒకే స్టిక్ పెడితే ప్రాసెసర్‌కు మెమరీ దారి సగమే తెరుచుకుంటుంది. అలాంటిదే రెండో స్టిక్ జోడించాక కార్డు మేలుకుంది. ఆ స్టిక్ ముందే కొని ఉంటే కార్డు విషయంలో నా ఆలోచన కూడా మారేదేమో.

అందుకే ఇవాళ నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. చవక కార్డు అంటే అట్ట పెట్టె మీద ధర తక్కువ ఉన్న కార్డు కాదు. అది వచ్చాక మీ చేత ఇంకోటి కొనిపించని కార్డు.

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. కార్డు ధర తగ్గించాలంటే తయారీదారు ఎక్కడో ఒకచోట కోత పెట్టాలి. ఆ కోత మీ కంప్యూటర్లో తగిలే చోట ఉందా, తగలని చోట ఉందా అన్నదే చూసుకోవాలి.

నాకు అన్నిటికంటే చిరాకు తెప్పించే కోత, పేరు అలాగే ఉంచి లోపలి సరుకు మార్చడం. 2017లో ఎన్విడియా జీటీ 1030 వచ్చింది. కార్డులో జీడీడీఆర్5 అనే వేగమైన రకం మెమరీ, సెకనుకు 48 జీబీ వేగం. మరుసటి ఏడాది అదే పేరుతో నెమ్మదైన డీడీఆర్4 మెమరీ ఉన్న రకం వచ్చింది. వేగం 16.8 జీబీ. మూడో వంతుకు కాస్త ఎక్కువ, అంతే! పేరు చూసి కొన్నవాడికి ఏం తెలుస్తుంది? ఆర్‌టీఎక్స్ 3050 కూడా అంతే. 8 జీబీ రకంలో 2560 కోర్లు (లెక్కలు చేసే చిన్న యూనిట్లు) ఉంటే, 2024లో వచ్చిన 6 జీబీ రకంలో 2304. మెమరీ బస్, అంటే మెమరీకి వెళ్లే దారి వెడల్పు, 128 బిట్ల నుంచి 96కు తగ్గింది. అయితే ఈ రెండోదాన్ని నేను పూర్తిగా తిట్టను. అది 70 వాట్లతోనే నడుస్తుంది. ఎందుకు తిట్టనో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

ఇంకో రకం కోత ఏఎండీ ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీలో చూడొచ్చు. 2022 జనవరిలో వచ్చింది. మెమరీ 4 జీబీ. బోర్డులో కార్డు గుచ్చే స్లాట్ చూడ్డానికి పదహారు లేన్లదే, అంటే డేటా నడిచే దారులు పదహారు, కార్డు వాడేది నాలుగే. పీసీఐ ఎక్స్‌ప్రెస్ 4.0 బోర్డులో (ఇది స్లాట్ తరం పేరు) ఆ నాలుగు లేన్లు సెకనుకు దాదాపు 8 జీబీ మోస్తాయి. అంతకు ముందు తరం 3.0 బోర్డులో 4 జీబీయే. 4 జీబీ మెమరీ తొందరగా నిండిపోతుంది, నిండింది ర్యామ్‌లోకి పొర్లుతుంది, పొర్లింది ఆ ఇరుకు సందులోంచే వెనక్కి రావాలి. ఇప్పుడు చెప్పండి, ఇలాంటి చవక కార్డు ఎవరు కొంటారు? పాత బోర్డు ఉన్నవాళ్లే కదా! ఎవరి కోసం చేశారో వాళ్ల దగ్గరే అది ఎక్కువ తడబడింది. పైగా వీడియో ఎన్‌కోడర్ (రికార్డింగ్‌ను వీడియోగా కుదించే భాగం) కూడా తీసేశారు. ఆడుతూ రికార్డ్ చేద్దామంటే ఆ భారం ప్రాసెసర్ మీద పడుతుంది.

ఇదే లేన్ల కోత ఇంకోచోట పెద్దగా తగలదు. ఆర్ఎక్స్ 6600, ఆర్‌టీఎక్స్ 4060 ఎనిమిదేసి లేన్లు వాడతాయి. 8 జీబీ మెమరీ ఉంది కాబట్టి అది నిండనంత వరకూ 3.0 బోర్డులో కూడా తేడా స్వల్పమే.

మెమరీ ఎంతుండాలని చాలామంది అడుగుతారు. 4 జీబీ వద్దు. 1080పీలో 8 జీబీ నడుస్తుంది, కానీ కొత్త గేమ్‌లలో టెక్స్చర్స్ (వస్తువుల పైపూత బొమ్మలు) ఒక మెట్టు దించడానికి సిద్ధపడాలి. మెమరీ చాలకపోతే సగటు ఫ్రేమ్‌లు బాగానే కనిపిస్తాయి, కానీ మలుపు తిరిగినప్పుడల్లా కుదుపు వస్తుంది. బెంచ్‌మార్క్‌లో ఒక్క సగటు అంకె చూసి మురిసిపోకండి, కింద చిన్న అక్షరాల్లో ఉండే ‘1% లో (low)’ అంకె, అంటే అన్నిటికంటే నెమ్మదైన ఫ్రేమ్‌ల లెక్క చూడండి.

ఇక పవర్ సప్లై. దీని గురించి ఎవరూ అడగరు, అందరూ దీని దగ్గరే ఆగిపోతారు. కార్డుకు స్లాట్ నుంచి 75 వాట్ల దాకా అందుతుంది. ఆపైన కావాలంటే ఆరు పిన్నుల కేబుల్ ఇంకో 75, ఎనిమిది పిన్నులది 150 ఇస్తుంది. ఆర్ఎక్స్ 6600కు 132 వాట్లు చాలు, అంటే ఎనిమిది పిన్నుల కేబుల్ ఒక్కటి. మీ పవర్ సప్లైలో అసలు ఆ కేబులే లేకపోతే? ఆఫీసుల నుంచి వచ్చిన పాత కంప్యూటర్లలో చాలావాటికి ఉండదు. అక్కడే ఆ 70 వాట్ల 3050 గానీ, 75 వాట్ల జీటీఎక్స్ 1650 గానీ పనికొస్తాయి. కేబుల్ అక్కర్లేని మోడలే చూసి తీసుకోవాలి, ఎందుకంటే కొన్ని 1650లు ఆరు పిన్నుల కేబుల్ కూడా అడుగుతాయి.

పవర్ సప్లై మీద రాసిన పెద్ద అంకెను నమ్మకండి. స్టిక్కర్లో 12 వోల్టుల గడి చూడండి. అక్కడ 20 ఆంపియర్లు అని ఉంటే 12 పెట్టి గుణించండి, 240 వాట్లు. పైన 450 అని రాసున్నా ప్రాసెసర్‌కు, కార్డుకు కలిపి దక్కేది అదే. ఇంకోమాట, ప్రాసెసర్‌కు పెట్టే కేబుల్‌కూ ఎనిమిది పిన్నులే ఉంటాయి. దాన్ని బలవంతంగా కార్డులోకి తోయకండి. ప్లస్, మైనస్‌లు తారుమారుగా ఉంటాయి.

ఇంటెల్ ఆర్క్ బీ580 గురించి కూడా చెప్పాలి. 2024 డిసెంబర్లో వచ్చింది, 12 జీబీ మెమరీతో మంచి బేరం. కానీ దానికి రీసైజబుల్ బార్ అనే సదుపాయం కావాలి. మామూలుగా ప్రాసెసర్ కార్డు మెమరీని 256 ఎంబీ కిటికీలోంచి చూస్తుంది. ఈ సదుపాయం ఉంటే తలుపు మొత్తం తెరుస్తుంది. అది లేని పాత బోర్డులో ఆర్క్ కార్డు చాలా వెనకబడుతుంది. పాత ప్రాసెసర్ల మీద దాని డ్రైవర్ (కార్డును నడిపే సాఫ్ట్‌వేర్) భారం కూడా ఎక్కువే. కొత్త బోర్డు ఉన్నవాళ్లు నిక్షేపంగా కొనుక్కోవచ్చు.

సెకండ్ హ్యాండ్ కార్డా? క్రిప్టో మైనింగ్‌లో వాడిందని వినగానే భయపడక్కర్లేదు, చెడిపోయే అవకాశం ఎక్కువగా ఫ్యాన్లకే. కళ్లముందు అరగంట గేమ్ నడిపించి చూపించమనండి. చూపించనంటే లేచి వచ్చేయండి.

బిగించడం అరగంట పని. పాత డ్రైవర్ తీసేసి, కరెంటు ఆపి, కార్డు క్లిక్ అనేదాకా నొక్కి, స్క్రూ బిగించాలి. తర్వాత మానిటర్ కేబుల్ కార్డుకే పెట్టండి. నవ్వకండి, మదర్‌బోర్డుకే ఉంచేసి కార్డు పనిచేయట్లేదని తిరిగిచ్చేసినవాళ్లు ఉన్నారు. 144 హెర్ట్‌జ్ మానిటర్ ఉంటే విండోస్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి చూడండి, చాలాసార్లు 60 దగ్గరే ఉండిపోతుంది.

నా మాటలు అయిపోయాయి. బోర్డు పేరు, పవర్ సప్లై స్టిక్కర్ ఫొటో, కేబినెట్ లోపలి కొలత ఫోన్‌లో ఉన్నవాళ్లు ముందు వరుసలోకి రండి, వాళ్లతో మొదలుపెడదాం.