పాత స్పీకర్లు: గ్రాఫు మాట, చెవి మాట

(మహబూబ్‌నగర్‌లోని ఒక స్థానిక చానల్ స్టూడియోలో జరిగిన చర్చ పాఠం ఇది. పాల్గొన్నవారు: డిగ్రీ కళాశాల భౌతికశాస్త్ర అధ్యాపకురాలు, రేడియోలు, యాంప్లిఫయర్లు బాగుచేసే మెకానిక్, గద్వాల నుంచి వచ్చిన పాత స్పీకర్ల సేకర్త.)

వ్యాఖ్యాత: నమస్కారం. పాత స్పీకర్ పెట్టెలను, వాల్వు రేడియోలను (ట్రాన్సిస్టర్లకు ముందు గాజు గొట్టాలతో పనిచేసినవి) వెతికి కొనేవాళ్లు మన దగ్గరా కనిపిస్తున్నారు. కొలతలకు అవి నిలబడవని కొందరంటారు. వింటే ప్రాణం లేచివస్తుందని మరికొందరంటారు. సార్, మీతోనే మొదలుపెడదాం. వాటిలో మీకు అంతగా నచ్చేది ఏమిటి?

సేకర్త: గొంతు. మా ఇంట్లోని వాల్వు రేడియోలో పాత పాట వస్తుంటే పాడేవారు పక్క గదిలో ఉన్నట్టే అనిపిస్తుంది. అదే పాటను కొత్త స్పీకర్లలో పెడితే ముందు గరగర, చిటపట, ఆ తర్వాత గొంతు. ఏ స్థాయి ధ్వనిని స్పీకర్ ఎంత బిగ్గరగా ఇస్తుందో చూపే గ్రాఫులో కొత్తదే మేలని నాకూ తెలుసు. అయినా నేను వినేది పాటను కదా!

అధ్యాపకురాలు: మీకు వినిపించింది నిజమే, దాని కారణం కూడా గ్రాఫులోనే ఉంది. మీడియం వేవ్‌లో స్టేషన్ల మధ్య ఎడం 9 కిలోహెర్ట్జ్ (సెకనుకు 9 వేల కంపనాలు) మాత్రమే. మన హైదరాబాద్ ఆకాశవాణి 738 దగ్గర వస్తుంది. పక్క స్టేషన్ మాట ఇందులో కలవకుండా ఉండాలని, రేడియో సెట్లు 4, 5 కిలోహెర్ట్జ్ దాటిన సన్నని ధ్వనిని చాలావరకు వదిలేస్తాయి. పాత రికార్డుల గరగరలో పెద్ద భాగం ఉండేది ఆ పైనే. మాట అర్థం కావడానికి కావలసినది చాలావరకు దానికి దిగువనే ఉంటుంది. టెలిఫోను 300 నుంచి 3400 హెర్ట్జ్ వరకే పంపినా మనిషిని గుర్తుపడతాం. అంటే మీ రేడియో గొంతును ఉంచి గరగరను తీసేస్తోంది.

సేకర్త: అయితే ఆ లోపం వల్ల మేలే జరిగిందన్నమాట.

అధ్యాపకురాలు: ఆ పాట వరకు మేలే. అదే పెట్టెలో తాళాల మోత వినండి, సగం మాయమవుతుంది. లోపం ఒకటే, పాటను బట్టి మేలో కీడో అవుతుంది.

మెకానిక్: మేడం, నాది ఒక మాట. మీరిద్దరూ పాత స్పీకర్ గురించి మాట్లాడుతున్నారు. నా దుకాణానికి వచ్చేవాటిలో ఎక్కువ భాగం పాడైన స్పీకర్లు. ముందు ఆ తేడా తేలాలి. ఇది చూడండి. (వెంట తెచ్చిన 8 అంగుళాల వూఫర్‌ను, అంటే బరువైన ధ్వనినిచ్చే స్పీకర్‌ను, బల్లమీద పెట్టారు.) ముందుకూ వెనక్కూ కదిలి ధ్వని పుట్టించే ఈ కోన్ కాగితం బాగానే ఉంది. చుట్టూ ఉన్న ఈ అంచు ఫోము. (బొటనవేలితో మెల్లగా నొక్కారు. అంచు విరిగి నల్లటి ముద్దలా వేలికి అంటుకుంది.) 1970లు, 80లలో చాలా కంపెనీలు ఈ పాలియురేథేన్ ఫోము వాడాయి. గాలిలోని తేమకు అది లోలోపలే విడిపోతుంది. మన ఎండలు దానికి తోడు. 15, 20 ఏళ్లు గడిస్తే ఇలా అవుతుంది. అంచు పోయాక కోన్ నిలకడగా కదలదు, దాని వెనక ఉండే తీగచుట్ట, అంటే వాయిస్ కాయిల్, పక్కకు జరిగి మాగ్నెట్‌కు రాసుకుంటుంది. ఆ బరబరను ఒకాయన నా ముందే ‘పాతకాలపు నిండుదనం’ అని మెచ్చుకున్నారు.

వ్యాఖ్యాత: పెట్టె లోపల కూడా ఇలాంటివి ఉంటాయా?

మెకానిక్: అసలు సంగతి అక్కడే ఉంది. ఏ ధ్వని ఏ స్పీకర్‌కు వెళ్లాలో పంచే క్రాస్‌ఓవర్‌లో, సన్నని ధ్వనినిచ్చే ట్వీటర్‌కు వెళ్లే దారిలో కెపాసిటర్ ఉంటుంది. ఎలక్ట్రోలిటిక్ రకమైతే ఏళ్లు గడిచేకొద్దీ లోపలి ద్రవం ఎండి, దాని నిరోధం పెరుగుతుంది. ట్వీటర్‌కు అందేది తగ్గుతుంది. విన్నవారు ‘ఎంత మెత్తగా ఉందో’ అంటారు. ఆ స్పీకర్‌ను తయారుచేసినవారు మాత్రం ఆ మెత్తదనాన్ని కోరలేదు. మీటరు పెట్టకుండా ఇది పట్టుకోవడం కష్టం, ఎందుకంటే రోజుకు కొంచెం కొంచెంగా తగ్గుతుంటే చెవి అలవాటు పడిపోతుంది.

సేకర్త: అన్నా, ఇది ఒప్పుకుంటాను. బాగుచేశాక కూడా నచ్చితేనే అది ఆ స్పీకర్ గుణం. కానీ బాగున్నవాటిలోనూ గ్రాఫు వంకరగా ఉండి పేరు తెచ్చుకున్నవి ఉన్నాయి కదా!

అధ్యాపకురాలు: ఉన్నాయి. బీబీసీ వారి ఎల్ఎస్3/5ఏ చూడండి. 1970లలో బయటి ప్రసారాల వ్యానులో, ఇరుకు చోట, మాట సరిగ్గా వస్తోందో లేదో వినడానికి చేసుకున్న చిన్న పెట్టె. లోపల 5 లీటర్ల చోటే ఉంటుంది. అంత చిన్నదానిలో లోతైన బేస్, అంటే బరువైన మంద్ర ధ్వని, రాదు. కానీ బేస్ పై అంచున, 100 హెర్ట్జ్ దాటాక, చిన్న ఉబ్బు ఉంది. దానివల్ల లేని బేస్ ఉన్నట్టు చెవికి తోస్తుంది. అందరూ మెచ్చిన ఆ మాధుర్యంలో ఆ ఉబ్బుకూ వాటా ఉంది, అది గ్రాఫులో స్పష్టంగా కనిపిస్తుంది. మీ ఆనందం కొలతలకు అందనిదని మీరంటే నేను ఒప్పుకోను. చాలాసార్లు కొలత దాన్ని చూపిస్తుంది, మనం చదవం.

వ్యాఖ్యాత: అయితే ఎత్తుపల్లాలు లేని సమమైన గ్రాఫు ఉన్న స్పీకరే అందరికీ నచ్చాలి కదా?

అధ్యాపకురాలు: చూడకుండా వింటే చాలామందికి అదే నచ్చుతోంది. కెనడా జాతీయ పరిశోధన మండలిలో ఫ్లాయిడ్ టూల్ 1980లలో ఏది మోగుతోందో శ్రోతలకు తెలియకుండా పరీక్షలు చేశారు. ఎదురుగానూ, పక్కలకూ ధ్వని ఒడుదుడుకులు లేకుండా వెళ్లే స్పీకర్లకే మంచి మార్కులు పడ్డాయి. తర్వాత ఆయన, షాన్ ఆలివ్ కలిసి 1994లో మరో సంగతి చూపించారు. స్పీకర్ కళ్ల ముందు ఉంటే అదే శ్రోతల తీర్పు మారిపోతుంది. పేరు, పరిమాణం, చెక్క నునుపు, అన్నీ మార్కులు తెచ్చుకుంటాయి.

సేకర్త: మేడం, నేను ఇంట్లో కళ్లకు గుడ్డ కట్టుకుని వినను. నాబ్ తిప్పుతాను, డయల్ మీద పచ్చటి వెలుగు చూస్తాను, వేడెక్కిన వాల్వు వాసన వస్తుంది. అదంతా నా పాటలో భాగమే.

అధ్యాపకురాలు: కాదనను. దాన్ని ఎవరూ మీ నుంచి తీసుకోకూడదు కూడా. కానీ మరొకరు మిమ్మల్ని నమ్మి అదే పెట్టెకు పెద్ద ధర పెడుతున్నప్పుడు, ఎంత భాగం ధ్వని, ఎంత భాగం జ్ఞాపకం అన్నది విడదీసి చెప్పాలి.

(ఇక్కడ స్టూడియోలో కొద్దిసేపు ఎవరూ మాట్లాడలేదు. చర్చలో బరువైన మాట ఇదేనని ఈ పాఠం రాసిన నాకనిపించింది.)

మెకానిక్: ఏం కొలుస్తున్నామన్నది కూడా చూడాలి మేడం. యమహా ఎన్ఎస్-10 సంగతి చెప్పండి.

అధ్యాపకురాలు: సరిగ్గా అడిగారు. 1978లో వచ్చిన ఆ స్పీకర్ గ్రాఫులో మధ్య శ్రేణి బాగా ఎత్తుగా ఉంటుంది, బేస్ తక్కువ. అయినా ప్రపంచమంతటా రికార్డింగ్ స్టూడియోలు దాన్ని పెట్టుకున్నాయి. తర్వాత సౌతాంప్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు దాన్ని మరోలా కొలిచారు. దాని మూసిన పెట్టెలో ధ్వని ఆగవలసిన చోట చప్పున ఆగుతోంది, సాగదు. ఒక్క గ్రాఫు చూసి తీర్పు చెప్పినవారికి అది కనిపించలేదు.

వ్యాఖ్యాత: మన జాతరల్లో వినిపించే హారన్ మైకుల మాట?

మెకానిక్: కురుమూర్తి జాతరలో ఆ హారన్ గొంతు దూరం నుంచే గుర్తుపడతాం. ఒక్క వాటుకు, ఒక్క మీటరు దూరంలో 100 డెసిబెల్స్ దాటి ఇస్తుంది. ఆ బీబీసీ పెట్టె 83 దగ్గర ఆగుతుంది. కానీ హారన్ పని మాటను దూరానికి విసరడం, అందులో బేస్ వెతకకూడదు.

సేకర్త: మరి నిజమైన ధ్వని ఏదో తేల్చేది ఎలా?

అధ్యాపకురాలు: నిజమైన వాద్యాన్ని పక్కన పెట్టుకుని. అమెరికాలో ఏఆర్ (అకౌస్టిక్ రీసెర్చ్) అనే స్పీకర్ల కంపెనీ ఏఆర్-3 స్పీకర్లతో అలాగే చేసింది. వేదిక మీద వాద్యబృందం వాయిస్తూ మధ్యలో ఆపేది, స్పీకర్లు అందుకునేవి. ఎక్కడ మారిందో సభలో చాలామంది పట్టుకోలేకపోయారు. మనకు 12 మెట్ల కిన్నెర ఉంది. మొగులయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది దానికే. ఆ తీగ గుంజుడును, సొరకాయ బుర్రల్లోంచి వచ్చే నాదాన్ని ఎదురుగా కూర్చుని విన్నవారికి, స్పీకర్ అందులో ఏం తీసేసిందో, ఏం కలిపిందో క్షణంలో తెలుస్తుంది. సినిమా పాటతో అది తెలియదు, ఎందుకంటే ఆ పాట అసలు ధ్వని ఏదో మనలో ఎవరూ వినలేదు.

సేకర్త: ఆ పరీక్షకు గద్వాలలో మా ఇల్లు ఇస్తాను. నా పెట్టెలు ఓడినా సరే.

వ్యాఖ్యాత: చివరగా నాగర్‌కర్నూలు నుంచి ఒకరి ప్రశ్న. తండ్రి గారి స్పీకర్ల జత ఉంది, బాగుచేయిస్తే పాత ధ్వని పోతుందేమోనని భయం.

మెకానిక్: ముందు ఏమీ మార్చకుండా ఒకసారి రికార్డు చేసి ఉంచుకోండి. కెపాసిటర్లను మీటరు మీద చూపించండి, పాడైతే రెండు పెట్టెలకూ ఒకేసారి, అదే విలువవి వేయించండి. పెద్దది వేస్తే మేలని ఎవరైనా అంటే వినకండి. అంచు పోతే అంచే మార్పించండి, కోన్ తీయించకండి. తీసిన భాగాలను పారేయకుండా ఒక కవరులో వేసి పెట్టె లోపలే పెట్టండి. రేపు బాగుచేసేవారికి అసలు ఏముండేదో తెలుస్తుంది.